బొద్దుగా ఉన్న బిడ్డకి ఎకో ఎందుకు?

(అరుదైన అతిపెరుగుదల జబ్బులున్న పిల్లల తల్లిదండ్రులు, కొందరు యువ డాక్టర్లు కలిసిన సభలో ఒక పిల్లల గుండె వైద్యుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు వీలైనంత అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే. పిల్లలు ఏడిస్తే బయటికి తీసుకెళ్లక్కర్లేదు, నాకు అలవాటే.

నా ఓపీకి వచ్చే పసిపిల్లల్లో చాలామంది పీలగా ఉంటారు. గుండెలో పెద్ద రంధ్రం ఉన్న బిడ్డ నాలుగు గుక్కలు తాగి ఆగిపోతుంది. నుదుటి మీద చెమట పడుతుంది. నెలనెలా పెరగాల్సిన బరువు పెరగదు. అంగన్‌వాడీ టీచరు కార్డులో చుక్క పెడితే అది ఆకుపచ్చ రంగు దాటి కిందికి జారుతుంది. అప్పుడు ఎవరో ఒకరు "ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించండమ్మా" అంటారు. డాక్టరు చెవికి మర్మర్, అంటే గుండెలో అదనపు చప్పుడు, వినపడకపోయినా, ఆ బరువు తగ్గుదలే బిడ్డని మా దాకా తీసుకొస్తుంది.

మీ పిల్లల సంగతి వేరు. చాలామంది నాలుగు కిలోల పైన పుట్టారు. కార్డులో వాళ్ల చుక్క ఆకుపచ్చ రంగు పై అంచు దగ్గరుంటుంది, లేదా దాన్నీ దాటి ఉంటుంది. చుట్టాలొచ్చి "ఎంత బలంగా ఉన్నాడే, దిష్టి తియ్యండి" అంటారు. ఇక ఆ పిల్లాడి గుండె మీద అనుమానం ఎవరికి వస్తుంది? రంధ్రం ఉన్నా పెరుగుదల ఆగకపోవచ్చు. బరువు కొంచెం తగ్గినా, అందరికంటే పైనుంచి తగ్గుతుంది కాబట్టి మామూలు పిల్లల లెక్కలోనే కనిపిస్తాడు. అందుకని నేను అడిగేది ఒక్కటే. ఈ పిల్లలకి గుండె పరీక్ష, అంటే ఎకో అనే గుండె స్కాన్ లాంటిది, లక్షణాలు కనిపించాక చేయించేది కాదు. జబ్బు పేరు తేలిన రోజే చేయించాలి. ఏ పరీక్ష, ఎన్నిసార్లు అన్నది ఆ పేరును బట్టి ఉంటుంది. ఇక్కడున్న చిన్న డాక్టర్లు ఈ చివరి వాక్యం మీద దృష్టి పెట్టండి. ఎందుకంటే "ఓవర్‌గ్రోత్ సిండ్రోమ్, ఎకో నార్మల్" అని రాసి ఫైలు మూసేయడం నేను చాలాసార్లు చూశాను.

సోటోస్ సిండ్రోమ్ అనే అతిపెరుగుదల జబ్బుతో మొదలుపెడతాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఆ కుటుంబాలే ఎక్కువ. 1964లో హువాన్ సోటోస్, ఆయన సహచరులు ఐదుగురు పిల్లల గురించి రాశారు. పెద్ద తల, ఎత్తైన నుదురు, పొడుగు, నిదానంగా వచ్చే మాట. దీని వెనక ఉన్న ఎన్‌ఎస్‌డీ1 అనే జన్యువు 5వ క్రోమోజోమ్ మీద ఉందని 2002లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఈ పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి గుండెలో ఏదో ఒక తేడా ఉంటుంది. ఎక్కువగా కనిపించేవి మూడు. పుట్టిన కొద్దిరోజుల్లో మూసుకుపోవాల్సిన నాళం మూసుకోకపోవడం, అంటే పీడీఏ. పై గదుల మధ్య గోడలో రంధ్రం, ఏఎస్‌డీ. కింది గదుల మధ్య రంధ్రం, వీఎస్‌డీ. వీటిలో చాలావరకు చిన్నవే, కొన్ని వాటంతటవే మూసుకుపోతాయి. కొందరిలో మాత్రం క్లిష్టమైన లోపాలుంటాయి. అరుదుగా ఎడమ జఠరిక కండరం గట్టిపడకుండా స్పాంజిలా మిగిలిపోయిన కేసులూ రిపోర్టయ్యాయి. దాన్ని నాన్‌కంపాక్షన్ అంటాం. ఎకో చేసేవాళ్లు దానికోసం ప్రత్యేకంగా చూడకపోతే కళ్లకి ఆనదు.

సోటోస్ పసిపిల్లల్లో ఇంకో చిక్కుంది. పుట్టినప్పుడు వాళ్లకి ఒళ్లు మెత్తగా ఉంటుంది, కండరాల్లో బిగువు తక్కువ. పాలు సరిగా లాగలేరు. కామెర్లూ ఎక్కువ. దాంతో "పాలు తాగడం లేదు డాక్టర్" అని తల్లి చెప్తే, జబ్బు పేరు తెలిసిన డాక్టరు కూడా "ఆ బిగువు తక్కువ వల్లేనమ్మా, మెల్లగా నేర్చుకుంటాడు" అంటారు. అది నిజమే కావచ్చు. కానీ గుండె జబ్బుకీ అదే లక్షణం. తేడా పట్టుకోవడానికి నేను తల్లులని రెండే ప్రశ్నలు అడుగుతాను. బిడ్డ పాలు తాగడం మొదటినుంచీ నెమ్మదా, లేక మొదట బాగా లాగి, తర్వాత ఆయాసపడి వదిలేస్తున్నాడా? తాగేటప్పుడు తలగడ తడుస్తోందా? తలగడ తడుస్తోందంటే ఫ్యాను వేసుకుని ఎదురుచూడకండి, ఎకోకి రండి.

(సభలోంచి ఒక తల్లి: మాది మేనరికం సార్. అందుకే ఇలా అయిందని మా అత్తగారు...)

ఆ మాట అడిగినందుకు మంచిదమ్మా. ఇది చాలా ఇళ్లలో నడుస్తున్న పంచాయితీ. మేనరికం వల్ల పెరిగే జబ్బులు వేరే ఉన్నాయి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే జన్యువులో లోపం దాగి ఉంటే, అది బిడ్డకి రెండువైపుల నుంచీ చేరుతుంది. అక్కడ మీ అత్తగారి మాటకి అర్థముంది. సోటోస్ అలాంటిది కాదు. జన్యువు ఒక ప్రతిలో మార్పు ఉంటే చాలు. నూటికి తొంభై ఐదు కేసుల్లో ఆ మార్పు తల్లిలోనూ లేదు, తండ్రిలోనూ లేదు, బిడ్డలోనే కొత్తగా వచ్చింది. గ్రహణం రోజు మీరు బయటికి వెళ్లడం వల్ల రాలేదు, మీ ఆయన తరఫు నుంచీ రాలేదు. ఇద్దరు తల్లిదండ్రులకీ జబ్బు లేకపోతే తర్వాతి బిడ్డకి మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి లోపే. అదే, ఈ పిల్లలు పెద్దయి పెళ్లి చేసుకుంటే వాళ్ల బిడ్డకి సగానికి సగం అవకాశం ఉంటుంది. మీ అత్తగారిని ఒకసారి నా దగ్గరికి తీసుకురండి, నేను చెప్తాను. డాక్టరు చెప్తే వింటారు, కోడలు చెప్తే వినరు.

ఇక బెక్‌విత్-వీడెమన్. పెద్ద నాలుక, బొడ్డు దగ్గర హెర్నియా, పుట్టగానే షుగర్ పడిపోవడం, ఒంటికి ఒకవైపు ఎక్కువ పెరగడం. పదివేల జననాల్లో ఒకరికి కనిపిస్తుందని లెక్క. వీళ్లకి మూడు నెలలకోసారి కడుపు స్కాన్ చేయించమని మీకు చెప్పే ఉంటారు, కిడ్నీ, కాలేయం గడ్డల కోసం. ఆ స్కాన్ల హడావిడిలో గుండె వెనకబడిపోతుంది. ఈ పిల్లల్లో కొందరికి పుట్టినప్పుడు గుండె పెద్దగా, కండరం దట్టంగా ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే చూసి ఇంట్లోవాళ్లకి గాబరా. ఎక్కువమందిలో మందేమీ లేకుండానే అది సర్దుకుంటుంది. అయినా ఎకోలో కొలిచి, సర్దుకుంటోందని మళ్లీ కొలిచి చూడాలి.

ఇక్కడే చిన్న డాక్టర్లకి ఒక మాట. మన దగ్గర లావుగా పుట్టిన బిడ్డ గుండె గోడ మందంగా కనిపిస్తే, మొదట అడగాల్సింది తల్లి షుగర్ గురించి. గర్భంలో షుగర్ ఎక్కువున్న తల్లుల బిడ్డలకి కూడా పెద్ద శరీరం, పుట్టగానే షుగర్ పడిపోవడం, గుండె గదుల మధ్య గోడ దళసరి కావడం మూడూ ఉంటాయి. కొన్ని నెలల్లో అది కరిగిపోతుంది. ఆ గోడ రక్తం బయటికి వెళ్లే దారికి అడ్డుపడుతున్నంత కాలం గుండె గట్టిగా కొట్టుకునేలా చేసే డిగాక్సిన్ లాంటి మందులు ఇస్తే అడ్డు ఇంకా పెరుగుతుంది. తల్లికి షుగర్ ఉంది కదా అని బెక్‌విత్ గుర్తులు, అంటే నాలుక పరిమాణం, చెవి తమ్మెల మీద గీతలు, చూడకుండా వదిలేయకండి. రెండూ కలిసి రాకూడదని ఎక్కడా లేదు.

షుగర్ పడిపోవడం ఆగకపోతే డయాజాక్సైడ్ అనే మందు ఇస్తారు. మంచి మందు. మెదడుకి హాని జరగకుండా ఎంతోమంది పిల్లల్ని కాపాడింది. కానీ అది ఒంట్లో నీరు నిలిపేస్తుంది, గుండె మీద భారం పడుతుంది. పసిపిల్లల్లో ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరగొచ్చని 2015లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. మందు ఆపాక ఆ పిల్లల్లో అది తగ్గింది లేదా మెరుగైంది. కాబట్టి ఆ మందు మొదలుపెట్టే ముందు ఒక ఎకో తీయించండి. తర్వాత బిడ్డ ఊపిరి వేగం మారినా, రెండు రోజుల్లో మొహం ఉబ్బినా "షుగర్ బాగుంది కదా" అని ఊరుకోకుండా ఫోను చేయండి. మందు మీ అంతట మీరు ఆపకండి, షుగర్ పడిపోతే అది ఇంకా ప్రమాదం.

నాలుక గురించి ఇంకో సంగతి. రాత్రి గురక. మన ఇళ్లలో పిల్లాడి గురక ముచ్చట, వీడియో తీసి వాట్సాప్‌లో పెడతారు. పెద్ద నాలుక గొంతుకి అడ్డుపడి రాత్రంతా ఆక్సిజన్ తగ్గుతూ ఉంటే, ఏళ్ల తరబడి ఆ భారం గుండె కుడివైపు మీద పడుతుంది. ఆ వీడియో మాకు పంపండి, మందుల చీటీ కంటే ఎక్కువ పనికొస్తుంది. గురక మధ్యలో ఊపిరి ఆగి, మళ్లీ ఉలిక్కిపడి లేచే చోట కొంచెం దగ్గరగా తీయండి. ఛాతీ గుంట పడుతోందో లేదో కనిపించాలి.

ఈ జబ్బులో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది మాత్రం రంధ్రమూ కాదు, కండరమూ కాదు. కరెంటు. జబ్బుకి మూలమైన చోటు 11వ క్రోమోజోమ్ మీద ఒక మూల. సరిగ్గా అక్కడే కేసీఎన్‌క్యూ1 అనే జన్యువుంది. ఒక్కో దెబ్బ తర్వాత గుండె కండరం తిరిగి సిద్ధమవడానికి పొటాషియం బయటికి పంపే ద్వారం తయారుచేసేది అదే. దానిలో లోపముంటే లాంగ్ క్యూటీ అనే లయ జబ్బు వస్తుంది. బెక్‌విత్ పిల్లల్లో ఎక్కువమందికి ఆ చోట డీఎన్‌ఏ ముక్కలేమీ పోవు, దాని మీది రసాయన గుర్తులు మాత్రమే మారతాయి. అలాంటివాళ్లకి ఈ భయం పెద్దగా లేదు. కొద్దిమందిలో డీఎన్‌ఏ ముక్క పోవడమో, తారుమారు కావడమో జరుగుతుంది. వాళ్లకి మొదటి పరీక్షతో సరిపెట్టకుండా ఏటా ఈసీజీ తీయాలని 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ జన్యు రిపోర్టు కాగితం తీసి, మీ బిడ్డది ఏ రకమో మీ డాక్టర్ని సూటిగా అడగండి. "బెక్‌విత్ పాజిటివ్" అన్నంత మాత్రాన సరిపోదు.

ఈసీజీ అయిదు నిమిషాల పని. ఏడ్చే పిల్లాడికి పది నిమిషాలు. ఖర్చు ఎకోతో పోలిస్తే ఏపాటిది? ఈ పిల్లల్లో ఎవరైనా పరిగెత్తుతూనో, ఈత కొడుతూనో స్పృహ తప్పితే దాన్ని నీరసం అనుకోకండి, ఎండదెబ్బ అనుకోకండి. లాంగ్ క్యూటీ ఉందని తేలినవాళ్లు జ్వరానికో, వాంతులకో మందు కొనేముందు ఫార్మసీలో ఈ మాట చెప్పాలి. అజిత్రోమైసిన్, ఆన్‌డాన్‌సెట్రాన్ రెండూ మన వీధి చివర మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరుకుతాయి. రెండూ క్యూటీని, అంటే ఒక్కో దెబ్బకి గుండె తిరిగి సిద్ధమవడానికి పట్టే సమయాన్ని, ఇంకా పొడిగిస్తాయి.

సింప్సన్-గొలాబీ-బెహ్మెల్ కుటుంబాలు ఇక్కడ తక్కువ ఉన్నట్టున్నాయి, కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీది జీపీసీ3 జన్యువు వల్ల వస్తుంది, 1996లో కనుక్కున్నారు. ఎక్కువగా మగపిల్లల జబ్బు. తల్లి వాహకురాలైతే ప్రతి కొడుక్కీ సగం అవకాశం. ఈ పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి గుండెలో తేడా ఉంటుంది. వాటిలో నిర్మాణ లోపాలతో పాటు గుండె కరెంటు దారిలో లోపాలూ ఉన్నాయి. కొందరు పిల్లలు పసితనంలోనే పోవడానికి అదీ ఒక కారణం. అందుకే ఎకో ఒక్కటీ తీసి పంపకూడదు, పక్కనే ఈసీజీ ఉండాలి.

ఇప్పుడు ఎకో గదిలోకి రండి. లోపల ఏం జరుగుతుందో మీకు తెలిస్తే సరైన ప్రశ్న అడగగలుగుతారు. గది చీకటిగా ఉంటుంది, జెల్ చల్లగా ఉంటుంది, పిల్లాడు గింజుకుంటాడు. మీ ఫోనులో వాడికి నచ్చిన పాట సిద్ధంగా పెట్టుకోండి. ప్రోబ్ ఛాతీ ఎడమ అంచున పెట్టి గుండెని నిలువుగా కోసినట్టు చూస్తాం. ఆ బొమ్మలో గుండెలోంచి పైకి వెళ్లే పెద్ద నాళం కనిపిస్తుంది, అది బృహద్ధమని. దాని మొదట్లో, కవాటం పైన ఉబ్బెత్తుగా ఉండే చోట అడ్డంగా ఒక గీత పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాం. ఆరేళ్ల పిల్లాడికి 22 అని వచ్చిందనుకోండి. అది ఎక్కువా, తక్కువా? పిల్లల్లో అందరికీ కలిపి ఒకే హద్దు ఉండదు. పిల్లాడి ఎత్తు, బరువు మిషన్‌లో వేస్తే, ఇంత శరీరానికి ఇంత నాళం ఉండాలని లెక్కగట్టి ఒక జెడ్ స్కోర్ ఇస్తుంది. రెండు దాటితే వెడల్పు అయినట్టు.

మీ పిల్లల విషయంలో ఇదే ఒక మోసపు లెక్క కావచ్చు. మీ ఆరేళ్ల అబ్బాయి తొమ్మిదేళ్ల వాడంత పొడుగు, బరువు ఉన్నాడు. మిషన్‌కి వాడి వయసుతో పని లేదు. శరీరం పెద్దది కాబట్టి 22 నార్మల్ అంటుంది. శరీరం పెరగడమే జబ్బైనప్పుడు, ఆ శరీరంతో పోల్చి నాళం సరిగ్గా ఉందనడం ఎంతవరకు సబబు? దీనికి తిరుగులేని జవాబు లేదు. నేను మాత్రం ఇలా చేస్తాను. మిల్లీమీటర్లూ రాస్తాను, జెడ్ స్కోరూ రాస్తాను. ఎత్తుతో ఒకసారి, శరీర వైశాల్యంతో ఒకసారి లెక్కవేస్తాను. కిందటి ఏడాది కొలతని పక్కనే రాస్తాను. ఒకే చోట, ఒకే గీతలో కొలిచినప్పుడు ఎత్తు పెద్దగా పెరగని ఏడాదిలో నాళం మాత్రం పెరిగితే, అది నాకు ఏ స్కోరు కంటే ఎక్కువ చెప్తుంది. అందుకే ప్రతిసారీ రిపోర్టు అడిగి తీసుకోండి. "నార్మల్" అనే మాట ఉన్న కాగితం కాదు, అంకెలున్న కాగితం.

ఇది అందరికీ ఒకేలా ముఖ్యమా అంటే కాదు. టాటన్-బ్రౌన్-రహ్మాన్ సిండ్రోమ్ అని 2014లో గుర్తించిన జబ్బుంది, డీఎన్‌ఎంటీ3ఏ జన్యువు వల్ల వస్తుంది. అందులో పెద్దయ్యాక బృహద్ధమని వెడల్పు కావడం చూశారు. ఎన్‌ఎఫ్‌ఐఎక్స్ జన్యువు వల్ల వచ్చే మలాన్ సిండ్రోమ్‌లోనూ చూశారు. ఈ పిల్లలు సన్నగా పొడుగ్గా ఉండటంతో మార్ఫన్ అనే వేరే జన్యు జబ్బు అనుకుని పంపిస్తుంటారు. ఈ రెండింటిలో చిన్నప్పుడు ఎకో బాగుంటే నిశ్చింతగా ఉండొద్దు, పెద్దయ్యాక కూడా చూపిస్తూ ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండగానే పిల్లల డాక్టరు వదిలేస్తారు, పెద్దల డాక్టరుకి జబ్బు పేరు కొత్త. ఆ సందులో చాలామంది జారిపోతారు.

కాలో చెయ్యో ఒక్కటే విపరీతంగా పెరిగే పిల్లల తల్లిదండ్రులు ఇందాకటి నుంచి "మా సంగతేంటి" అన్నట్టు చూస్తున్నారు. క్లిపెల్-ట్రెనోనే, క్లోవ్స్, ప్రోటియస్. వీటిలో చాలావరకు పీఐకే3సీఏ, ఏకేటీ1 అనే జన్యువుల్లో గర్భంలో ఉన్నప్పుడు కొన్ని కణాల్లోనే వచ్చిన మార్పు వల్ల వస్తాయి. అందుకే రక్త పరీక్షలో దొరక్కపోవచ్చు, పెరిగిన చోటి ముక్క తీసి చూడాలి. ఇక్కడ సమస్య సాధారణంగా గుండెలో పుట్టదు, నాళాల్లో పుట్టి గుండెకి చేరుతుంది. ఉబ్బిన సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ప్రోటియస్‌లో చిన్న వయసు మరణాలకి పెద్ద కారణాల్లో ఇదొకటి. ఆపరేషన్ తర్వాత, కాలికి కట్టు కట్టి మంచాన ఉన్నప్పుడు, రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్లినప్పుడు జాగ్రత్త. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం వస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి. ఇక పెరిగిన కాలు వేడిగా ఉండి, చెయ్యి పెడితే జివ్వుమని తెలిస్తే అది వేరే కథ. ధమని నుంచి సిరలోకి రక్తం అడ్డదారిన పోతోంది. గుండె రెట్టింపు పని చేసి చేసి అలసిపోతుంది. ఆ పిల్లలకి ఎకోలో గుండె సైజు ఏటా చూడాల్సిందే. పీఐకే3సీఏ జబ్బులకి 2022 ఏప్రిల్‌లో అల్పెలిసిబ్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. అది షుగర్ పెంచుతుంది, ఖర్చూ ఎక్కువే. దాని గురించి మధ్యాహ్నం జన్యు వైద్యులు చెప్తారు.

జన్యు పరీక్షలు ఎక్కడ అని అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ కలిసి ఒకటి. రంధ్రం మూసే ఆపరేషన్లకి తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. కార్డు పేరు, ఆధార్ పేరు ఒకటే ఉండేలా ముందే చూసుకోండి, అడ్మిషన్ రోజు టెన్షన్ పడొద్దు.

ప్రశ్నలు తీసుకుందాం. చెప్పండి నాన్నగారూ.

(సభలోంచి ఒక తండ్రి: మా పాపకి వచ్చే నెల నాలుక ఆపరేషన్ సార్, బెక్‌విత్. గుండె పరీక్ష అవసరమా?)

అవసరమే. ఎకో, ఈసీజీ రెండూ ఆపరేషన్‌కి వారం ముందే చేయించి, ఆ కాగితాలు మత్తు డాక్టరు చేతికి ఇవ్వండి, సర్జన్‌కి కాదు. పెద్ద నాలుక వల్ల ఊపిరి గొట్టం వేయడం కష్టమవుతుందని వాళ్లకి ముందే తెలియాలి. పాపకి పోయినేడు ఎప్పుడైనా షుగర్ పడిపోయిందా? పడింది కదా. అయితే ఆపరేషన్ కోసం కడుపు ఖాళీగా ఉంచినప్పుడు మళ్లీ పడిపోవచ్చు. లిస్టులో పాపని ఉదయం మొదటి కేసుగా పెట్టమని అడగండి. ఆలస్యమైతే గ్లూకోజ్ డ్రిప్ పెట్టమనండి, గంటకోసారి వేలిమీద చూడమనండి.